ఎగ్జిట్ నొక్కాక ఏం జరగాలి?

చెన్నై నుంచి బెంగళూరు రోడ్డు మీద ఓ నలభై కిలోమీటర్లు పోతే శ్రీపెరుంబుదూరు వస్తుంది. అక్కడి నోకియా ఫ్యాక్టరీలో 2006 జనవరిలో ఫోన్ల తయారీ మొదలైంది, 2014 నవంబరు 1న ఆగిపోయింది. ఈ రెండు తేదీల మధ్య ఆ గేటు దాటి బయటికొచ్చిన ఫోన్లు కోట్ల కొద్దీ. ఫ్యాక్టరీ ఎందుకు మూతపడిందన్నది ఇవాళ్టి విషయం కాదు. ఒక్క సంగతి మాత్రం గుర్తుచేస్తాను. పన్నువాళ్ళతో ఆ కంపెనీకి వచ్చిన పెద్ద తగాదా, ఫోన్లలో ఎక్కించే సాఫ్ట్‌వేర్ కోసం ఫిన్లాండులోని మాతృసంస్థకు కట్టిన సొమ్ము మీద వచ్చింది. ప్లాస్టిక్ డబ్బా కన్నా దాని లోపలి రాతకే విలువ ఎక్కువన్న సంగతి మన దగ్గర ముందుగా పసిగట్టింది ఆదాయప్పన్ను శాఖేనేమో! ఆ రోజుల్లో నోకియా సిరీస్ 40 ఫోన్లలో జావా ప్రోగ్రాములు నడిచేవి. చెన్నైలోని రిచీ స్ట్రీట్ కొట్లలో మెమరీ కార్డుకు పాటలతో పాటు జావా గేములూ ఎక్కించి ఇచ్చేవారు. గేము కానివ్వండి, నిఘంటువు కానివ్వండి, పద్దుల పుస్తకం కానివ్వండి, ఆ చిన్న ప్రోగ్రాముల్లో తెర అడుగున, తరచూ కుడివైపున, ఒక మాట ఉండేది: ఎగ్జిట్. దాన్ని నొక్కాక లోపల ఏం జరగాలన్నదే ఈ ప్రసంగం. నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఎగ్జిట్ ఎవరూ నొక్కకపోయినా ఏమీ పోగొట్టుకోని ప్రోగ్రాము మాత్రమే ఎగ్జిట్‌ను సరిగ్గా రాసుకున్న ప్రోగ్రాము. వినడానికి ఇది తిరకాసుగా ఉంటుంది, అందుకని కాస్త వివరంగా చూద్దాం.

చెన్నై కోయంబేడు పూల మార్కెట్టులో అరువు పద్దు రాసుకోవడానికి ఒక ప్రోగ్రాము ఉందనుకోండి. తెర మీద రెండు గళ్ళు: ఒకటి పేరుకి, ఒకటి రూపాయలకి. అడుగున ఎడమవైపు సేవ్, కుడివైపు ఎగ్జిట్. మొబైల్ జావాలో ఈ రెండిటినీ కమాండ్లు అంటారు. ప్రతి కమాండుకీ మూడు సంగతులు చెప్పి పెట్టాలి: తెర మీద కనబడే పేరు, దాని రకం, దాని ప్రాధాన్యం. వెనక్కి, రద్దు, సరే, సాయం లాంటి రకాల మధ్య ఎగ్జిట్ కూడా ఒక రకం. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదట బోల్తాపడేది ఇక్కడే. రకం ఎగ్జిట్ అని రాశాం కాబట్టి నొక్కగానే ప్రోగ్రాము ముగుస్తుందనుకుంటారు. ముగియదు. ఆ రకం ఫోనుకి ఇచ్చే సూచన మాత్రమే. ఈ కమాండును నీ ఫోనులో జనం దేనితో బయటికి పోవడానికి అలవాటుపడ్డారో ఆ బటన్ మీద పెట్టు అని దానర్థం. నోకియా సాధారణంగా కుడి బటన్ మీద పెడుతుంది, మరో కంపెనీ మరో చోట పెడుతుంది. నొక్కినప్పుడు చెయ్యాల్సిన పని మాత్రం మనమే రాయాలి. ఆ నొక్కును వినడానికి ఒక లిజనర్‌ను తెరకు తగిలించాలి. తగిలించడం మరిచిపోతే ఎగ్జిట్ అన్న అక్షరాలు చక్కగా కనిపిస్తాయి, ఎంత నొక్కినా ఉలకవు పలకవు. ఇంకొందరు నొక్కింది ఏ కమాండో తేల్చుకోవడానికి తెర మీది పేరును పోల్చి చూస్తారు. పేరు ఎగ్జిట్ అయితే బయటికి పో అని రాస్తారు. రేపు ఆ మాటను తెలుగులోకో తమిళంలోకో మార్చినవాడికి తెలియకుండానే బయటికి పోయే దారి మూసుకుపోతుంది. పోల్చాల్సింది కమాండునే, దాని మీద అంటించిన పేరును కాదు.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. ఈ వ్యవహారంలో ముగ్గురున్నారు: బటన్ నొక్కే మనిషి, ప్రోగ్రాము, ఫోను. ఫోను అంటే ఇక్కడ, ప్రోగ్రాములను తెరిచి మూసే దాని లోపలి యంత్రాంగం అని. మొబైల్ జావాకి 2000లో వచ్చిన ఎంఐడీపీ ప్రమాణం ఈ ముగ్గురి మధ్య చాలా కచ్చితమైన ఒప్పందం రాసింది, 2002లో వచ్చిన రెండో కూర్పూ దాన్నే ఉంచింది. ఫోను తనంతట తాను ప్రోగ్రామును ముగించాలనుకుంటే డిస్ట్రాయ్ యాప్ అనే పద్ధతిని (మెథడ్‌ను) పిలుస్తుంది. అంటే, సర్దుకో, నిన్ను మూసేస్తున్నాను అని చెప్పడం. ప్రోగ్రామే ముగించుకోవాలనుకుంటే నోటిఫై డిస్ట్రాయ్డ్ అని ఫోనుకి కబురు పెడుతుంది. అంటే, నేను సర్దుకోవడం అయిపోయింది, ఇక నన్ను తీసెయ్యి అని చెప్పడం. ఈ రెండో కబురు అందాక ఫోను డిస్ట్రాయ్ యాప్‌ను పిలవదు. సర్దుకున్నానని చెప్పినవాణ్ణి మళ్ళీ సర్దుకోమనడం దేనికి? చాలామందికి కొరుకుడుపడనిది ఇదే. సర్దుబాటు పనులన్నీ డిస్ట్రాయ్ యాప్‌లో రాసి, ఎగ్జిట్ నొక్కినప్పుడు నోటిఫై డిస్ట్రాయ్డ్ ఒక్కటే పిలిచి, అన్నీ జరిగిపోయాయనుకుంటారు. ఒక్కటీ జరగదు. అద్దె ఇంట్లో సామానంతా అలాగే వదిలేసి, ఖాళీ చేశానని ఇంటివాడికి తాళంచెవి ఇచ్చినట్టే. ఇంటివాడు నమ్మి ఇంకొకరికి ఇల్లు ఇచ్చేస్తాడు. మరి మామూలు కంప్యూటరు జావాలో లాగా సిస్టమ్ ఎగ్జిట్ అని ఒక్క దెబ్బతో ముగించెయ్యకూడదా అంటే, ఇక్కడ దానికి వీల్లేదు. పిలిచిన మరుక్షణం భద్రతా దోషం అంటూ ఫోను అడ్డుపడుతుంది. ఆ యంత్రాన్ని ఆపే అధికారం ప్రోగ్రాముకి లేదు, వెళ్ళిపోతానని చెప్పుకునే అధికారమే ఉంది.

కాబట్టి తలుపులు రెండున్నా సర్దుబాటు ఒక్కచోటే ఉండాలి. మనిషి ఎగ్జిట్ నొక్కినా, ఫోను డిస్ట్రాయ్ యాప్ పిలిచినా, రెండు దారులూ ఒకే చిన్న పద్ధతి గుండా పోవాలి. దాన్ని రెండుసార్లు పిలిచినా చెడు జరగకూడదు. ఆ పద్ధతిలో ఏముండాలి? పద్దుల ప్రోగ్రాములో రాతలు దాచుకునే రికార్డు స్టోర్ ఒకటుంటుంది. దాన్ని ఎన్నిసార్లు తెరిచామో అన్నిసార్లు మూస్తే తప్ప అది నిజంగా మూసుకోదు. మూడు తెరల నుంచి మూడుసార్లు తెరిచి చివర్లో ఒక్కసారి మూస్తే, మూశామని మనం అనుకోవడమే. సర్వరుతో మాట్లాడుతున్న దారం, అంటే థ్రెడ్, ఒకటి లోపల నడుస్తుంటే, అది జవాబు కోసం కాచుకుని కూర్చునే ఉంటుంది. కనెక్షన్ మూస్తేనే దానికి కదలిక వస్తుంది. ఇవి కాక మరో షరతు ఉంది, అది బయటికి కనిపించదు. కమాండు నొక్కినప్పుడు నడిచే పద్ధతి చప్పున ముగిసి తిరిగి రావాలి. ఎగ్జిట్ నొక్కగానే అక్కడికక్కడే సర్వరుకి లెక్కలు పంపడం మొదలుపెట్టారనుకోండి. ఇంటర్నెట్ వాడుకోనివ్వమంటారా అని ఫోను ఒక ప్రశ్న వెయ్యాలి. ఆ ప్రశ్న తెర మీదికి రావాలంటే బటన్ల సంగతి చూసే దారం ఖాళీగా ఉండాలి. అది మీ పనిలో ఇరుక్కుని ఉంది. ప్రశ్న రాదు, పని సాగదు, తెర బిగుసుకుపోతుంది. బయటికి పోవడానికి నొక్కిన బటన్ ప్రోగ్రామును కదలనివ్వకుండా చేస్తుంది. ఆ ఫోనున్న మనిషి చివరికి చేసేది ఒక్కటే, వెనక మూత తీసి బ్యాటరీ ఊడబెరకడం.

బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, నా వాదనకి గట్టి ఆధారం అక్కడే ఉంది. ఇంతవరకూ చెప్పిన ఒప్పందమంతా అందరూ ఒప్పందం ప్రకారం నడుచుకున్నప్పటి మాట. ఛార్జి అయిపోయిన ఫోను ఎవరినీ సర్దుకోమనదు. ప్రమాణం కూడా ప్రోగ్రాముకి పెద్ద భరోసా ఇవ్వలేదు. డిస్ట్రాయ్ యాప్‌ను పిలిచేటప్పుడు ఫోను ఒక అవును లేదా కాదు పంపుతుంది. కాదు అని వస్తే, నాకింకా పనుంది, కాసేపాగు అని ప్రోగ్రాము బతిమాలుకోవచ్చు. అవును అని వస్తే బతిమాలడాలు చెల్లవు. లోపల దోషం వచ్చినా, పని సగంలో ఉన్నా, ప్రోగ్రాము ముగిసినట్టే లెక్క. ఫోను మీద కాల్ వచ్చినప్పుడు ప్రోగ్రామును కాసేపు ఆపడానికి పాజ్ యాప్ అనే పద్ధతి ఉంది గానీ, అన్ని ఫోన్లూ దాన్ని పిలవలేదు. ఎర్ర బటన్ నొక్కితే కొన్నింట్లో ప్రోగ్రాము ముగుస్తుంది, కొన్నింట్లో వెనక్కి పోయి నిద్రపోతుంది. ఫోను ఇంత నిక్కచ్చిగా ఉండడానికి కారణం ఉంది. మొదటి ఎంఐడీపీ ప్రమాణం ఫోను నుంచి కోరింది జావా నడవడానికి కనీసం 32 కిలోబైట్ల మెమరీ, ప్రోగ్రాములు రాతలు దాచుకోవడానికి కనీసం 8 కిలోబైట్లు. ఇవాళ ఒక ఫోటోకే దానికి ఎన్నో రెట్లు కావాలి. అంత ఇరుకులో కాల్ వస్తే కాల్‌దే ముందు. పూల పద్దు తర్వాత. ఫోను ముందుగా ఫోను కదా.

ఇలాంటి చోట, రోజంతా రాసిన పద్దును మెమరీలో పెట్టుకుని ఎగ్జిట్ నొక్కినప్పుడు ఒక్కసారిగా భద్రం చేద్దామనుకునే ప్రోగ్రాము ఏం చేస్తున్నట్టు? తెల్లవారుజామున మొదలైన వ్యాపారాన్ని ఎప్పుడో మధ్యాహ్నం నొక్కబోయే ఒక బటన్ మీద పందెం కాస్తున్నట్టు. ఈ పందెం అక్కర్లేదని ప్రమాణమే చెబుతోంది. రికార్డు స్టోర్‌లో కొత్త రాత చేర్చే పద్ధతి గురించి అందులో స్పష్టంగా ఉంది: ఆ పద్ధతి తిరిగి వచ్చేసరికి రాత శాశ్వత నిల్వలోకి చేరిపోయి ఉంటుంది, చేరితే మొత్తం చేరుతుంది, సగం చేరడం ఉండదు. అంటే మల్లెపూల మూరలకు ఇరవై రూపాయల అరువు అని రాసి సేవ్ నొక్కిన మరుక్షణం ఆ రాత స్టోర్‌లో ఉండాలి. ఆ తర్వాత ఎగ్జిట్ నొక్కినా, కాల్ వచ్చినా, బ్యాటరీ ఊడినా ఆ ఇరవై రూపాయలు ఎక్కడికీ పోవు. ఎగ్జిట్‌కి మిగిలేది తెరిచినవి మూయడం, కనెక్షన్ తెంచడం, ఫోనుకి కబురు చెప్పడం. మూడూ జరిగితే మంచిదే. జరగకపోతే కొద్దిగా చిందరవందర అవుతుందే తప్ప డబ్బు లెక్క తప్పదు.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. ప్రతి రాతనూ అప్పటికప్పుడు నిల్వలో పెడితే ఫోను నెమ్మదిస్తుంది అంటారు. పాత ఫోన్లలో రికార్డు స్టోర్‌లో రాయడం చేతికి తెలిసేంత ఆలస్యం అయిన మాట నిజమే. కానీ నేను ప్రతి అక్షరాన్నీ దాచమనడం లేదు. దాచాల్సింది మనిషి దృష్టిలో పూర్తయిన ఒక పనిని. అరువుకి సేవ్ నొక్కడంతో ఆ పని పూర్తయింది. అప్పుడు కలిగే ఆ కాస్త ఆలస్యాన్ని మనిషి పట్టించుకోడు, ఎందుకంటే సేవ్ అంటే అదేనని అతనికి తెలుసు. అదే ఆలస్యం వంద రాతలకు కలిపి ఎగ్జిట్ దగ్గర వస్తే, ప్రోగ్రాము మొరాయించిందని ఎర్ర బటన్ నొక్కేస్తాడు. ఆలస్యం మొత్తం ఎంతన్న దానికన్నా అది ఎక్కడ తగులుతుందన్నదే ముఖ్యం. ఇక పేరు రాసి రూపాయలు రాయకముందే ఆగిపోయిన సగం రాత సంగతి. దానికి చిత్తుప్రతిగా ఒకే ఒక్క రికార్డు కేటాయించి, తెర మారినప్పుడల్లా దాని మీదే తిరగరాస్తే సరిపోతుంది.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. ప్రోగ్రాము ముగిశాక దాని మెమరీని, అది తెరిచిన రికార్డు స్టోర్‌ను ఫోను ఎలాగూ వెనక్కి తీసుకుంటుంది, రాతలన్నీ ముందే భద్రంగా ఉన్నాయి, అలాంటప్పుడు ఎగ్జిట్‌లో సర్దుబాటు రాయడమే దండగ, నీ వాదనే దాన్ని దండగని తేల్చింది అనవచ్చు. ఫోను లోపలి వస్తువుల వరకూ అది చాలామటుకు నిజమే, కాదనను. పాఠాల్లో చూపించే తొలి ఉదాహరణల్లో డిస్ట్రాయ్ యాప్ లోపల ఏమీ రాయరు, అవి బాగానే నడుస్తాయి. కానీ ఫోను తన ఇల్లు మాత్రమే ఊడ్చుకుంటుంది. అవతలి సర్వరు దగ్గర తెరిచి ఉన్న లాగిన్‌ను, సగం పంపిన సందేశాన్ని అది ఊడ్చలేదు. వాటి సంగతి ప్రోగ్రాముకే తెలుసు. పైగా నోటిఫై డిస్ట్రాయ్డ్ చెప్పకుండా తెర ఖాళీ చేసి ఊరుకుంటే, మనిషి కంటికి ప్రోగ్రాము పోయినట్టే ఉంటుంది, లోపల బతికే ఉంటుంది. ఆ చిన్న మెమరీలో ఇంకొకటి తెరుచుకోదు. మర్యాదగా వెళ్ళడం అవసరమే. ఆ మర్యాద మీద డబ్బు లెక్కలు ఆధారపడకూడదన్నదే నా మాట.

నిజంగా బయటికి వెళ్ళాలా అని అడిగే పెట్టె గురించి కూడా చెప్పాలి. పొరపాటున వేలు తగిలితే కాపాడుతుందని దాన్ని సమర్థిస్తారు. ప్రతిసారీ అడిగితే మనిషి చదవడం మానేస్తాడు, వేలు తనంతట తానే రెండుసార్లు నొక్కడం నేర్చుకుంటుంది. అప్పుడా పెట్టె ఒక నొక్కును రెండు నొక్కులు చెయ్యడం తప్ప సాధించేది లేదు. పోయేది ఏదైనా ఉన్నప్పుడే అడగాలి. అప్పుడు కూడా బయటికి వెళ్ళాలా అని కాకుండా, ఈ అరువు ఇంకా రాయలేదు, రాయమంటారా అని అడగాలి. చిత్తుప్రతి దాచుకునే ప్రోగ్రాముకి ఆ అవసరం కూడా రాదు. మళ్ళీ తెరవగానే సగం రాత అలాగే కనిపిస్తుంది. గేముల సంగతి వేరు, ఆట మధ్యలో ఉన్నవాణ్ణి ఒకసారి అడిగితే తప్పులేదు.

ఇదంతా పాత ముచ్చటే, ఎగ్జిట్ బటన్ ఉన్న ఫోన్లే ఇప్పుడు లేవు కదా అని కొందరు శ్రోతలు అనుకుంటూ ఉండవచ్చు. సిరీస్ 40 మీద వాట్సాప్ కూడా 2018 చివరితో ఆగిపోయింది. అయితే బటన్ పోయింది గానీ సమస్య పోలేదు, ఇంకా ముదిరింది. ఐఫోను యాప్‌లు తమంతట తాము ముగించుకోకూడదని యాపిల్ మార్గదర్శకాలే చెప్పాయి, అలా చేస్తే జనం యాప్ చెడిపోయిందనుకుంటారట. ఆండ్రాయిడ్‌లో ఆన్ డిస్ట్రాయ్ అనే పద్ధతి ఉంది గానీ, దాన్ని పిలుస్తామన్న హామీ లేదు. మెమరీ కావలసి వస్తే వెనకున్న యాప్‌ను మాటామంతీ లేకుండా చంపేస్తారు. రాతలు దాచడానికి దాన్ని నమ్ముకోవద్దని ఆండ్రాయిడ్ వాళ్ళే రాసిపెట్టారు. చిన్న జావా ప్రోగ్రాములో ఎగ్జిట్ నొక్కకపోతే ఏమవుతుందని ఆలోచించినవాడు ఇవాళ కూడా అదే ఆలోచించాలి. కాకపోతే అప్పుడది అరుదుగా జరిగేది, ఇప్పుడు అదే మామూలు.

చెన్నైలోనే దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. 2015 ఏప్రిల్ 22న ఎగ్మోర్, తాంబరం మధ్య సబర్బన్ రైళ్ళలో మొబైల్ యాప్‌తో కాగితం లేని టికెట్ మొదలైంది. అప్పట్లో పట్టాలకు కొంత దూరంలో ఉండగానే కొనుక్కోవాల్సి ఉండేది, ఫోనులోని జీపీఎస్ ఆ దూరం చూసేది. టికెట్ తనిఖీకి వచ్చినవారికి ఫోనులోనే చూపించాల్సి ఉండేది. మాంబలం స్టేషన్ వైపు నడుస్తూ టికెట్ కొన్న మనిషిని ఊహించుకోండి. వాలెట్‌లోంచి డబ్బు కట్ అయింది. సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి కాల్ వచ్చింది, యాప్ వెనక్కి పోయింది, ఫోను దాన్ని మూసేసింది. ఆ స్టేషన్ పక్కనున్న రంగనాథన్ వీధి రద్దీలో అతను యాప్‌ను మర్యాదగా మూస్తాడని ఎవరైనా ఎదురుచూడగలరా? మళ్ళీ తెరిచేసరికి టికెట్ కనిపించాలి. అలా కనిపించాలంటే డబ్బు కట్ అయిన క్షణానే ఒక నంబరుతో సర్వరులో రాత పడి ఉండాలి, ఫోనుకి జవాబు చేరిన క్షణానే ఫోనులోనూ పడి ఉండాలి. జవాబు దారిలో పోయి ఉంటే, తెరిచిన వెంటనే యాప్ ఆ నంబరు పట్టుకుని సర్వరును అడగాలి తప్ప రెండోసారి డబ్బు కట్ చెయ్యకూడదు. ఇక్కడ ఎగ్జిట్ కమాండు చేయగలిగింది ఏమీ లేదు. పని అంతా దానికి ముందే జరగాలి, లేదా మళ్ళీ తెరిచినప్పుడు జరగాలి.

నేర్చుకునేవారికి ఒక పరీక్ష చెబుతాను. ఎమ్యులేటర్‌లో ఎగ్జిట్ నొక్కి చూసి అంతా బాగుందనుకోకండి, కంప్యూటరులోని బొమ్మ ఫోనుకి ఛార్జి అయిపోదు. నిజం ఫోనులోకి ప్రోగ్రాము ఎక్కించండి. రెండు అరువులు సేవ్ చెయ్యండి, మూడోదానికి పేరు మాత్రం రాసి, ఇంకో తెరకి వెళ్ళి వెనక్కి రండి. అప్పుడు బ్యాటరీ తీసెయ్యండి. ఊడిరాని బ్యాటరీ అయితే బలవంతంగా ఆపేసే బటన్‌ను అదిమిపట్టండి. మళ్ళీ ఆన్ చేసి ప్రోగ్రాము తెరవండి. రెండు అరువులూ పద్దులో ఉండి, మూడో పేరు గడిలో రూపాయల కోసం ఎదురుచూస్తూ కనిపిస్తే, అప్పుడు ఎగ్జిట్ కమాండు రాయడం మొదలుపెట్టండి.